ఇరుసు మీద కొలతలు

201వ రోజు

నా తరవాత ఈ కత్తెర పట్టేవాళ్ళ కోసం రోజూ నాలుగు ముక్కలు రాసి పెట్టమన్నారు ఊరి సంఘం వాళ్ళు. నాలుగు ముక్కలతో ఆగే చెయ్యి కాదు నాది. చదివేవాళ్ళు ఓపిక పట్టాలి.

ఈ ఉదయం ఏదో మరమ్మతుట, గిరకను అరగంట సేపు నెమ్మదిగా తిప్పారు. గిరక అంటే మా ఊరే, ఆకాశంలో తిరిగే ఒక పెద్ద చక్రం. అది తిరిగినంతసేపే దాని అంచు మీద బతికే మాకు బరువుంటుంది. తిరుగుడు తగ్గితే బరువూ తగ్గుతుంది. ఇస్త్రీ పెట్టె చేతిలో దూదిలా తేలింది. పొయ్యి మీది చారు గిన్నె దాటి గోడెక్కింది. నా చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ దాకా లేచాయి. వాటిని ఒక చేత్తో అదిమి పట్టుకుని గోడ తుడుస్తుండగా సమ్మక్క తలుపు తోసుకుని వచ్చింది.

సమ్మక్కకు ముప్పై తొమ్మిదేళ్ళు. నాకంటే పంతొమ్మిదేళ్ళు చిన్నది. అయినా ఆ పేరు మూలాన ఊరంతా ఆమెను అక్కా అనక తప్పదు, నాతో సహా. ఇరుసులో, అంటే చక్రం నడిమధ్యన ఓడలొచ్చి ఆగే రేవులో, పదహారేళ్ళుగా తాళ్ళు కడుతోంది. అక్కడ దేనికీ బరువుండదు. ఎనిమిది రోజులు పైన పని, ఐదు రోజులు కింద మా అంచు మీద విశ్రాంతి.

"పెద్దమ్మా, నాకొక డ్రెస్సు గావాలె. పన్నెండు దినాల్ల ఇంటర్వ్యూ ఉన్నది," అంది.

"రేవు పెద్ద ఉద్యోగానికేనా? మళ్ళీనా?"

"మళ్ళనే. ఇది మూడోసారి. ఇంకోసారి ఉండది. మూడుసార్లకు మించి కూసోనియ్యరు."

కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాను. ఇంటర్వ్యూ చేసేవాళ్ళు చంద్రుడి మీద నుంచి వస్తారు, రేవులోనే ఒక అద్దాల గదిలో కూర్చుంటారు. కిందటి రెండుసార్లూ ఆమె గురించి ఒకే మాట రాసి పోయారట. పని తెలుసు, స్థిమితం లేదు అని.

"స్థిమితం ఎట్లుంటది పెద్దమ్మా? బజార్ల అద్దం ఇచ్చిన స్కర్టు గొడుగు లెక్క పైకి లేస్తుండె. ఒక చేత్తోటి దాన్ని పట్టుకున్న. ఇంకో చేత్తోటి కోటు పట్టుకున్న. కుర్సీ పట్టుకునేతందుకు మూడో చెయ్యి లేకపాయె."

నాకు నవ్వొచ్చింది. ఆమెకూ వచ్చింది, కానీ మధ్యలోనే ఆగిపోయింది. ఈసారి కూడా పోతే చంద్రుడి మీది మనిషినెవరినో తెచ్చి రేవుకి పెద్దను చేస్తారట. "పుట్టి బుద్ధెరిగి ఒక్క తాడు కట్టనోడు చెప్తే నేను తాడు కట్టాలె," అంది గ్లాసులోకి చూస్తూ.

కుట్టేత్తాను పొమ్మన్నాను.

202వ రోజు

ముందు బజారులోని కొలతల అద్దం ఏమంటుందో విందామని ఇద్దరం వెళ్ళాం. మూడేళ్ళ కిందట పెట్టారు దాన్ని. ముందు నిలబడితే ఒంటి ఆకారం చెబుతుంది, పావుగంటలో బట్ట అచ్చేసి ఇస్తుంది. అది వచ్చాక నా దగ్గరికి ఊడిన గుండీలు తప్ప ఇంకేమీ రావడం లేదు. దాని మీద నాకు కోపం ఉంది. లేదని అబద్ధమాడను.

"మీ ఆకారం తలకిందుల త్రికోణం," అంది అద్దం సమ్మక్కను చూసి. "భుజములు వెడల్పు, తుంటి సన్నము. భుజముల నుండి చూపు మళ్ళించవలెను. ఘేరు గల స్కర్టు ధరించవలెను."

పక్కన ఊరికే నిలబడ్డ నన్ను కూడా వదల్లేదు. "మీ ఆకారం ఆపిల్. నడుము భాగమును కప్పవలెను," అంది.

ఆపిల్ అంటే ఏంటే అని సమ్మక్కను అడిగాను. గిరకలో టమాటా కాస్తుంది, సొరకాయ కాస్తుంది, తోటకూర చెప్పక్కర్లేదు. ఆ పేరుగలది మాత్రం నేను చూసి ఎరుగను.

"నాకేం తెలుసు పెద్దమ్మా. పండు గావచ్చు."

"మెచ్చుకుంటందా తిడతందా?"

"కప్పుకోమంటున్నదంటే తిట్టినట్టే."

దారంతా నవ్వుకుంటూ వచ్చాం. చదివేవాళ్ళకు ఇక్కడొక సంగతి చెప్పాలి. ఈ ఆకారాల పేర్లు నేను నమ్మను. ముప్పై ఏళ్ళలో ఏ ఇద్దరి భుజాలూ ఒకలా చూడలేదు. ఒక్క మనిషికే ఎడమ భుజం, కుడి భుజం ఒకలా ఉండవు. నేను చూసేది చెయ్యి. మనిషి మాట్లాడుతున్నప్పుడు ఆమె చెయ్యి తెలియకుండా మాటిమాటికీ ఎక్కడికి పోతుందో చూడాలి. పొట్ట మీదికి పోతే పొట్ట దగ్గర, మెడ మీదికి పోతే మెడ దగ్గర ఆ బట్ట ఆమెను ఇబ్బంది పెడుతోందన్నమాట. కుట్టేటప్పుడు అక్కడ శ్రద్ధ పెట్టాలి.

సమ్మక్క చెయ్యి భుజం మీదికి పోతోంది. కుడి చేత్తో ఎడమ భుజాన్ని, ఎడమ చేత్తో కుడి భుజాన్ని కప్పుకుంటూ మాట్లాడుతుంది. కొలతలు తీస్తూ ఎందుకలా అని అడిగాను.

"బళ్ళె అంటుండె పెద్దమ్మా, మొగోని భుజాలని. ఇప్పుడెవ్వరనరు గని, అలవాటైపోయింది," అంది.

 టేపు చుట్టేసి, ఆ భుజాల్ని ఎలా తగ్గించి చూపించాలా అని ఆలోచించడం మొదలుపెట్టాను.

205వ రోజు

అయిపోయింది. ముదురు నీలం కోటు. మెడ కిందికి కోసుగా దిగుతుంది, చూపు భుజాల మీద నిలవకుండా నిలువుగా జారిపోతుంది. కింద ఘేరున్న, అంటే చుట్టూ వెడల్పుగా విచ్చుకునే స్కర్టు. గొడుగులా లేవకుండా దాని అంచు మడతలో పద్నాలుగు ఇనప గుళ్ళు పెట్టి కుట్టాను. అద్దానికి ఈ ఉపాయం ఎక్కడ తడుతుంది?

సమ్మక్క వేసుకుని నా గదిలో రెండుసార్లు గిర్రున తిరిగింది. స్కర్టు బుద్ధిగా ఆమెతో పాటే తిరిగి, ఆమెతో పాటే ఆగింది. "కదలనే కదలదు పెద్దమ్మా," అని మురిసిపోయింది. నేను అంతకు రెండింతలు మురిసిపోయాను. రేపు పనికి పైకి పోతూ పట్టుకుపోతానంది. రాత్రి గారెలు చేసుకుని తిన్నాను.

206వ రోజు

మధ్యాహ్నం పైనుంచి సమ్మక్క ఫోను చేసింది. తెర మీద ఆమె పక్కన, ఆమెతో పాటే తాళ్ళు కట్టే గౌసియా ఉంది. ముక్కు ఎర్రగా వాచిపోయి ఉంది.

"పెద్దమ్మా, స్కర్టుల గుండ్లెందుకు వెట్టినవ్?"

"బరువు కోసమే."

"ఏ బరువు?"

 ఇరుసులో బరువే ఉండదన్న సంగతి గిరకలో ఐదేళ్ళ పిల్లనడిగినా చెబుతుంది. ఇక్కడే పుట్టి యాభై ఎనిమిదేళ్ళు బతికినదాన్ని, గుళ్ళు లెక్కపెట్టి మరీ కుట్టాను. కిందనే బతికి బతికి, బట్టన్నాక కిందికే వేలాడుతుందన్న లెక్కలో ఉండిపోయాను.

జరిగింది గౌసియా చెప్పింది. ఎలా ఉందో చూద్దామని సమ్మక్క గాల్లో ఒక చుట్టు తిరిగిందట. ఆమె ఆగింది, స్కర్టు ఆగలేదు. గుళ్ళ జోరుకి అది ఆమె కాళ్ళ చుట్టూ రెండు చుట్లు చుట్టుకుని, మూడో చుట్టులో అంచు వచ్చి గౌసియా ముక్కుని కొట్టింది.

"నా ముక్కు పోయినా పర్వాలేదమ్మా," అంది గౌసియా. "ఇంటర్వ్యూకొచ్చేవాళ్ళ ముక్కు పగిలితే ఉద్యోగం ఎవరిస్తారు?"

ముగ్గురం పొట్ట చేత్తో పట్టుకుని నవ్వాం. నవ్వు ఆగాక భయం వేసింది. ఇంకా ఏడు రోజులే ఉన్నాయి. సమ్మక్క ముఖంలో కూడా అదే కనిపించింది నాకు.

"పెద్దమ్మా, నువ్వు ఒక్కపారి పైకి రారాదు. కింద కూసొని కుడితే ఎట్ల తెలుస్తది?"

తొమ్మిదేళ్ళప్పుడు బడివాళ్ళు తీసుకెళ్తే ఒక్కసారి పోయాను ఇరుసుకి. మా పంతులమ్మ కొత్త చీర మీద కక్కాను. మళ్ళీ పోలేదు. ఆ మాట చెప్పి ఫోను పెట్టేశాను. చేసింది తప్పని పెట్టేస్తూనే తెలిసింది.

208వ రోజు

వెళ్ళాను.

లిఫ్టులో బుగ్గన నిమ్మకాయ బద్ద పెట్టుకున్నాను. సగం దూరం దాకా బాగానే ఉంది. ఆ తరవాత కాళ్ళు నేలను వదిలేశాయి, కడుపు నన్ను వదిలేసింది. వెంట తెచ్చుకున్న సంచిలో రెండుసార్లు కక్కాను. తలుపు తెరుచుకునేసరికి గౌసియా వచ్చి, గోడకున్న కడ్డీకి నా నడుముని బెల్టుతో కట్టేసింది. ఇక చూడండమ్మా అంది.

కళ్ళు తెరిచి చూస్తే, నా కుట్టుగదికి రెండింతలున్న పెట్టెనొకదాన్ని సమ్మక్క ఒక్కతే తోసుకుపోతోంది. కాళ్ళు వెనక మడిచి పెట్టుకుంది. వాటితో ఆమెకేం పని లేదక్కడ. చేతులు ముందుకు తేలుతున్నాయి. ఒక భుజం దించితే పెట్టె అటు తిరిగింది, రెండోది దించితే ఇటు తిరిగింది. కింద వెడల్పుగా, ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కనిపించే ఆ భుజాలు ఇక్కడ మొత్తం మనిషిని మోసుకుపోతున్నాయి. ముఖం నిండుగా ఉంది. మెడ నిటారుగా సాగింది. సమ్మక్క ఇంత అందగత్తె అని నాకిన్నాళ్ళూ తెలియదు. గంట సేపు చూశాను. ఆమె చెయ్యి ఒక్కసారి కూడా భుజం మీదికి పోలేదు.

నాకు సిగ్గేసింది. ఆ భుజాల్ని దాచడానికా నేను ఇన్ని రోజులూ కుస్తీ పట్టింది?

పని అయ్యాక కొలతలు తీశాను. టేపు ఒక కొస పట్టుకుంటే రెండో కొస పాములా లేచి నా ముక్కు మీదికే వస్తుంది. గౌసియా ఒక కొస, నేనొక కొస పట్టుకున్నాం. ఎత్తు కిందకంటే అంగుళంన్నర ఎక్కువ. ఛాతీ అంగుళం ఎక్కువ. నడుము అంగుళంన్నర తక్కువ, తొడలు అంతకంటే తక్కువ. ఒంట్లో నీరంతా పైకి ఎక్కుతుందట ఇక్కడ. చేతులు ఎప్పుడూ వేలాడవు, ఎవరినో కౌగిలించుకోబోతున్నట్టు ముందుకు నిలుస్తాయి. కింద కొలిచి కుట్టిన ప్రతి చొక్కా ఇక్కడ వీపు మీద లాగుతుంది, నడుం దగ్గర పైకి లేస్తుంది. అద్దం కొలిచిన మనిషి వేరు, రేవులో పని చేసే మనిషి వేరు. ఆ త్రికోణం ఏదో కిందనే ఉండిపోయింది.

దిగబోతూ లిఫ్టు తలుపు దగ్గర మూడోసారి కక్కాను. సమ్మక్క నా తల పట్టుకుంది. "ఎంత కష్టపడ్తున్నవ్ పెద్దమ్మా," అంది. నోరు తుడుచుకుని, నువ్వు నోరు మూసుకోవే అన్నాను.

210వ రోజు

రెండు రోజులుగా కత్తిరింపే. బట్టను కిందికి వేలాడదీయాలన్న ఆలోచన మానుకోవడానికే ఒక రోజు పట్టింది. వేలాడకపోతే దేన్ని పట్టుకుని నిలవాలి? ఒంటినే పట్టుకోవాలి.

అప్పుడు గోచీకట్టు గుర్తుకొచ్చింది. భూమ్మీద పూర్వం ఆడవాళ్ళు వంగి నాట్లు వేసేటప్పుడు చీరను కాళ్ళ మధ్య నుంచి తీసి వెనక దోపేవాళ్ళు. కాళ్ళకు అడ్డం పడదు, ఎటు వంగినా జారదు. అదే కుట్టాను. ముందు కుచ్చిళ్ళు అణిచి నిలువునా కుట్టేశాను. చీలమండల దగ్గర పట్టీలు. కొంగు ఛాతీ మీదుగా బిగుతుగా తెచ్చి వెనక నడుములోకి దోపుడు. చేతులు ముందుకు చాచిన మనిషికి తగ్గట్టుగా జబ్బలు, అంటే చేతుల గుడ్డ, కత్తిరించాను. ఈ జబ్బలు నా బల్ల మీద పరిస్తే వంకరగా, పాడైపోయినట్టు కనిపిస్తాయి. రంగు అదే ముదురు నీలం. మెడ నుంచి రెండు భుజాల చివరిదాకా తెల్లటి అంచు వేశాను. గదిలోకి వచ్చినవాళ్ళు ముందు ఆ భుజాల్నే చూడాలి.

సంఘం నియమం ప్రకారం ఇంటర్వ్యూ బట్టను అద్దానికి ఒకసారి చూపించాలి. బొమ్మకు తొడిగి తీసుకెళ్ళాను.

"భుజములు మిక్కిలి స్ఫుటమగుచున్నవి," అంది అద్దం.

"అగుచున్నవి తల్లీ. అందుకే కుట్టాను."

"సిఫారసు చేయబడదు."

సిఫారసు చేయకపోవచ్చు కానీ, ఆపే అధికారం దానికి లేదు. బొమ్మను చంకన పెట్టుకుని ఇంటికొచ్చేశాను.

212వ రోజు

మళ్ళీ పైకి. ఈసారి ఒక్కసారే కక్కాను. నన్ను నేను మెచ్చుకున్నాను.

సమ్మక్క వేసుకుంది. గాల్లో ముందుకి దొర్లింది, వెనక్కి దొర్లింది, గోడను తన్ని ఆ చివరికి పోయి వచ్చింది. కుచ్చిళ్ళు ఆమెతో పోయి ఆమెతో వచ్చాయి. గౌసియా ముందుజాగ్రత్తగా ముక్కుకి చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది.

తరవాత సమ్మక్క కిటికీ అద్దంలో తనను తాను చూసుకుంది. తెల్ల అంచు చూసింది. చెయ్యి భుజం మీదికి పోయింది.

"గింత అవుపడ్తె ఏమనుకుంటరో పెద్దమ్మా. కొంగు జర ఎడల్పు జేసి కప్పితే గాదా?"

"నువ్వు కప్పమంటే కప్పేత్తాను," అన్నాను. "ఐదు నిమిషాల పని. కానీ సమ్మక్కా, మొన్న గంట సేపు నిన్నే సూత్తా కూకున్నాను. అంత బాగుండే మనిషిని నేను ఎప్పుడూ సూళ్ళేదు. మళ్ళీ నా సేత్తోనే కప్పమంటే, నాకు మనసొప్పడం లేదు."

 సమ్మక్క కడ్డీ పట్టుకుని కిటికీ వైపే తిరిగి ఉంది. కొంగు వెడల్పు చేస్తే ఏమీ మునిగిపోదని నాకు తెలుసు. అయినా వద్దని లోపల మొక్కుకుంటున్నాను.

"ఉండనియ్యి," అంది చివరికి.

213వ రోజు

రాత్రి కిందికి దిగలేదు. గౌసియా గదిలో గోడకు కట్టేయించుకుని పడుకున్నాను. పొద్దున్న అద్దాల గది బయట కడ్డీకి వేలాడుతూ ఇంటర్వ్యూ చూశాను. మాటలు వినపడవు, మనుషులు కనపడతారు.

లోపల ముగ్గురు. నడుమ కూర్చున్న పెద్దావిడ అధ్యక్షురాలట. చంద్రుడి మీద కాస్తో కూస్తో బరువుంటుంది కాబట్టి అక్కడి కోటుకి ఇరుసు సంగతి తెలియదు. అది ఆవిడ గడ్డం కిందికి లేచి వస్తోంది. ఆవిడ ఒక చేత్తో దాన్ని కిందికి లాక్కుంటూ ప్రశ్నలు అడుగుతోంది. ఎదురుగా సమ్మక్క రెండు చేతులూ ఖాళీగా, హాయిగా తేలుతూ జవాబులు చెబుతోంది.

పావుగంట గడిచింది. అప్పుడే వచ్చిన ఓడ ఒకటి రేవుకి ఆనుతోంది. దాని వెనక తాడు కట్టినవాడు ముడి వదులుగా వేశాడు. నాకు తాళ్ళ సంగతి తెలియదు కానీ, అది పాకుతూ జారిపోవడం నాక్కూడా కనిపించింది. సమ్మక్క మాట మధ్యలో ఆగింది. ముగ్గురికీ ఏదో చెప్పి చేతులు జోడించింది. తలుపు తీసి, చట్రాన్ని తన్ని, ఒక్క ఊపున నా తల మీదుగా దూసుకుపోయింది. తెల్ల అంచు రెండు గీతల్లా కనిపించింది నాకు. తాడు కొస అందుకుంది, భుజం ఆనించి ఓడను రేవు వైపు లాగింది, మూడు చుట్లు చుట్టి ముడి వేసింది. వదులుగా కట్టినవాడి నెత్తి మీద ఒకటి మొట్టి, వచ్చిన దారినే వెనక్కి వెళ్ళిపోయింది. ఎడమ భుజం మీద జానెడు గ్రీజు మరక.

లోపలికి వెళ్ళి మళ్ళీ మాట్లాడటం మొదలుపెట్టింది. అధ్యక్షురాలు కోటు లాక్కోవడం మానేసి, అది గడ్డం దాకా లేచినా పట్టించుకోకుండా వింటోంది.

బయటికి రాగానే పట్టుకుని అడిగాను. "బట్టల గురించి ఏవన్నారే?"

"బట్టలా?" అంది సమ్మక్క. ఒక క్షణం తన ఒంటి వంక చూసుకుంది. "ఎవ్వరేమన్లే పెద్దమ్మా. నాకే యాదికి లేదు ఏం ఏస్కున్ననో."

ముందు మనసు చివుక్కుమంది. నాలుగు కక్కులు, పదకొండు సూది పోట్లు. ఒక్కరైనా బాగుందనలేదా అనుకున్నాను. లిఫ్టులో సగం దూరం దిగాక గానీ ఆ మాట అర్థం కాలేదు. అర్థమయ్యాక ఏడుపొచ్చింది, సంతోషంతోనే. ముప్పై ఏళ్ళుగా నేను కుట్టిన ఏ బట్టకీ అంత మంచి మాట రాలేదు.

215వ రోజు

పొద్దున్న బజారు మైకులో చెప్పారు. రేవు పెద్దగా సమ్మక్క. కొత్తిమీర అమ్మే ఆవిడ కొత్తిమీర కట్టలు గాల్లోకి విసిరింది. నేను కుట్టుమిషను మీద తల పెట్టుకుని కాసేపు అలాగే ఉండిపోయాను.

మధ్యాహ్నం సమ్మక్కే వచ్చింది. అంచు మీద కాళ్ళు ఇంకా నిలవడం లేదు, తలుపు పట్టుకుని నిలబడింది. వీపున ఒక పెద్ద మూట. వచ్చి నా కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుని మూట విప్పింది. పెద్ద పెద్ద శాలువాలు, రెండు మూరల వెడల్పు కాలర్లు, జారుడు జబ్బల చొక్కాలు, వదులు జాకెట్లు. ఇరవై ఏళ్ళుగా కింద ఉన్న రోజుల్లో ఇంట్లో, బజారులో, పెళ్ళిళ్ళలో భుజాలు కప్పుకోవడానికి వేసుకున్నవన్నీ.

"ఇవన్ని మళ్ళ కుట్టియ్యి పెద్దమ్మా," అంది. "కింద గూడ గట్లనే ఉంట."

లెక్క చూస్తే ఇరవై రెండున్నాయి. మొదటిదాని భుజాల కుట్లు విప్పడం మొదలుపెట్టాను.